భూగర్భంలో ఒక ‘కాబోలు’

పేరు చూసి పుస్తకం కొనే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ సంగతి తెలుసు గనకనే నవలలు వ్రాసే నాబోటివాళ్ళం కథంతా అయ్యాక పేరు దగ్గర నాలుగు రోజులు తంటాలు పడతాం. ఆ లెక్కన ఈ వారం నేను చెప్పబోయే రెండు రచనల్లో మొదటిదానికి నూటికి నూరు మార్కులు వెయ్యాలి, రెండోదానికి సున్నా చుట్టాలి. మొదటిది ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1864లో ప్రచురించిన నవల. పేరు ‘భూకేంద్రానికి ప్రయాణం’. వినగానే పెట్టె సర్దుకోవాలనిపించే పేరు. రెండోది డెన్మార్కు దేశస్థురాలు ఇంగె లేమన్ 1936లో వెలువరించిన పరిశోధనా వ్యాసం. దాని పేరు ఒకే ఒక్క అక్షరం. ఇంగ్లీషు ‘పి’, దాని నెత్తిన చిన్న గీత. ‘పి ప్రైమ్’ అని చదువుకోవాలి. ఇంత పిసినారి పేరు నేనెక్కడా చూడలేదు.

చిత్రమేమిటంటే, కేంద్రానికి తీసుకువెళతానని పేరులోనే మాట ఇచ్చిన నవల అక్కడికి చేరనే చేరదు. ఏ మాటా ఇవ్వని వ్యాసం చేరుతుంది.

నవల తెలియనివారికి కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. హాంబర్గు నగరంలో లీడెన్‌బ్రాక్ అని ఖనిజశాస్త్రం చెప్పే ప్రొఫెసరుగారు ఒకాయన. మహా తొందర మనిషి. కుండీలో మొక్కలు త్వరగా ఎదగాలని పొద్దున్నే వాటి ఆకులు పట్టుకుని పైకి లాగే రకం. ఆయనకు ఒక పాత పుస్తకంలోంచి రహస్య లిపిలో వ్రాసిన చీటీ జారిపడుతుంది. ఐస్‌లాండులో ఫలానా అగ్నిపర్వతం బిలంలోకి దిగితే భూకేంద్రానికి పోవచ్చునని పదహారో శతాబ్దపు రసవాది ఒకడు అందులో వ్రాసిపెట్టాడు. ఇంకేముంది, ప్రొఫెసరుగారు మేనల్లుడు ఆక్సెల్‌ను వెంటబెట్టుకుని బయలుదేరతాడు. (ఫ్రెంచివాళ్ళకు అన్న కొడుక్కీ అక్క కొడుక్కీ ఒకటే మాట. మనం మేనల్లుడనే అనుకుందాం.) దారి చూపడానికి హాన్స్ అనే ఐస్‌లాండు మనిషి. నోరు విప్పని మనిషి, కానీ శనివారం శనివారం జీతం మాత్రం భూమి లోపల కూడా లెక్కగా పుచ్చుకుంటాడు. ముగ్గురూ దిగుతారు. సముద్రం కనిపిస్తుంది. తాటిచెట్టంత పుట్టగొడుగులు, రాక్షసి బల్లుల యుద్ధం, ఏనుగుల్లాంటి జంతువులను మేపే మహాకాయుడు... ఆఖరికి ఇటలీలో స్ట్రాంబోలీ అగ్నిపర్వతం ముగ్గురినీ బయటికి కక్కేస్తుంది. కేంద్రం మాట ఏమయిందని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

చదివించే గుణానికి లోటు లేదు. కానీ ఆ లోపల కనిపించేవన్నీ పైన ఉన్నవే. పైన సముద్రం ఉంది గనక లోపల ఇంకో సముద్రం. పైన పూర్వకాలంలో పెద్ద జంతువులుండేవి గనక లోపల ఇంకా బతికున్నాయి. మన ‘పాతాళభైరవి’లో తోటరాముడు దిగిన గుహకూ దీనికీ పెద్ద తేడా లేదు. మనవాళ్ళు కనీసం దానిని జానపదమనే పిలుచుకున్నారు.

నాకు ఇంకో ఫిర్యాదు ఉంది. ప్రొఫెసరుగారి ఇంట్లో గ్రౌబెన్ అని ఒక పిల్ల ఉంటుంది. పదిహేడేళ్ళు. ఆయన సంరక్షణలో పెరుగుతున్నది, ఆక్సెల్ ప్రేమించినది. ఆ పిల్లకు ఖనిజశాస్త్రం బ్రహ్మాండంగా వచ్చునని, పెద్ద పెద్ద పండితులకు పాఠం చెప్పగలదని వెర్నే ఆక్సెల్ నోట చెప్పిస్తాడు. మామగారి రాళ్ళకు పేర్ల చీటీలు అంటించి సర్దడంలో ఆమెది సగం చెయ్యి. తీరా ప్రయాణం వచ్చేసరికి? ఆక్సెల్ భయపడుతుంటే ధైర్యం చెప్పి పంపించడం ఆమె వంతు. వంటమనిషితో పాటు ఇంట్లో ఉండి ఎదురుచూడడం ఆమె వంతు. తిరిగి వచ్చాక పెళ్ళి. రాళ్ళు తెలిసిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి, అడుగడుక్కీ బెంబేలుపడే కుర్రాణ్ణి రాళ్ళలోకి పంపిన రచయిత మీద ఏ పాఠకురాలికైనా ఒళ్ళు మండదా? భూమిలోకి వెళ్ళిన ఆడమనిషి అంటే మనకు గుర్తొచ్చేది సీతమ్మ. ఆవిడ తిరిగి వచ్చి కబురు చెప్పలేదు.

అంతమాత్రాన నవలను అవతల పారేయనక్కరలేదు. అందులో ఒక్క ఘట్టం ఉంది, దానికోసం మిగతాదంతా క్షమించవచ్చు. ఆక్సెల్ చీకటి సొరంగాల్లో దారి తప్పిపోతాడు. దీపం ఆరిపోతుంది. గోడకు చెవి ఆనిస్తే ఎక్కడినుంచో మామ గొంతు వినిపిస్తుంది. మన గోల్కొండలో కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సారులో వినిపించినట్లు, ఆ రాతి వంపు వెంట మాట పాకుతూ వస్తుంది. ఎంత దూరంలో ఉన్నారు? ఆక్సెలే ఉపాయం చెబుతాడు. గడియారం చూస్తూ నన్ను పేరు పెట్టి పిలువు, నాకు వినబడగానే బదులు పలుకుతాను, మొత్తం ఎంతసేపు పట్టిందో చూడు అని. నలభై సెకన్లు. సగం చేస్తే ఇరవై. సెకనుకు 1,020 అడుగుల చొప్పున 20,400 అడుగులు, అంటే ఆరు కిలోమీటర్ల పైచిలుకు!

ఆ రాక్షసి బల్లులు నన్ను కదిలించలేదు గానీ, ఆ నలభై సెకన్లు చదువుతుంటే ఊపిరి బిగపట్టాను. కళ్ళు పనిచెయ్యని చోట చెవి, గడియారం కలిసి దూరాన్ని కొలిచాయి. భూమి లోపలికి పోవడానికి అసలు దారి అదే. తాళంచెవి వెర్న్ చేతిలోనే ఉంది. ఆయన దానితో ఒక్క తలుపు తీసి, మళ్ళీ పుట్టగొడుగుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మన భాషలో ‘భూగర్భం’ అన్నమాట ఎవరు పుట్టించారోగానీ వాళ్ళకు దణ్ణం పెట్టాలి. గర్భంలో ఏముందో తెలుసుకోవడానికి ఈ రోజుల్లో ఏం చేస్తున్నారో మనకు వేరే చెప్పాలా? స్కానింగు గదిలో పడుకోబెట్టి, పొట్ట మీద చల్లటి జిగురు రాసి, చెవికి అందని శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో తెర మీద బొమ్మ గీస్తారు. భూమి విషయంలో చిక్కల్లా, అంత పెద్ద పొట్టలోకి శబ్దం పంపే యంత్రం మన దగ్గర లేకపోవడం. భూకంపం రావాలి. వచ్చినప్పుడు పుట్టిన అలలు భూమి లోపలినుంచి ప్రయాణం చేసి అవతలి దేశంలో పైకి తేలతాయి. ఎప్పుడు తేలాయో గడియారం చూసి వ్రాసుకోవాలి. 1889 ఏప్రిల్‌లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఒక సున్నితమైన లోలకం ఉన్నట్టుండి ఊగింది. అదే సమయానికి టోక్యోలో భూకంపం వచ్చిందని దాన్ని కనిపెట్టుకుని ఉన్న రెబోయర్-పాష్విట్స్ అనే ఆయన తరువాత తెలుసుకున్నాడు. అంత దూరపు కంపాన్ని పోల్చుకోవడం అదే మొదలు.

ఈ అలల్లో రెండు రకాలు ముఖ్యం. ముందు వచ్చేది ‘పి’. రైలు పెట్టెలు ఒకదాన్నొకటి నెట్టుకున్నట్టు రాతిని ముందుకూ వెనక్కూ నెడుతూ పోతుంది. వెనక వచ్చేది ‘ఎస్’. తడిచీరను తీగ మీద ఆరెయ్యబోయే ముందు జాడిస్తాం చూడండి, అలా పక్కలకు ఊపుతూ పోతుంది. చీరను జాడించగలం గానీ నీళ్ళను జాడించగలమా? అందుకే ఎస్ అల ద్రవంలో నడవదు. 2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు వరంగల్లు, ఖమ్మం మొదలుకొని హైదరాబాదు దాకా వంటింట్లో గిన్నెలు గలగలలాడడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ గలగలకు కారణం ఇలాంటి అలలే.

ఈ కథలో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. 1897 జూన్ 12న అస్సాంలో, షిల్లాంగు ప్రాంతంలో మహా భూకంపం వచ్చింది. పదిహేను వందల మందికి పైగా పోయారు. భారత భూగర్భ సర్వేలో పనిచేస్తున్న రిచర్డ్ ఓల్డ్‌హామ్ దాని మీద పెద్ద నివేదిక వ్రాశాడు. యూరప్‌లోని యంత్రాలు గీసిన గీతల్లో ఈ పి, ఎస్ అలలను విడివిడిగా పోల్చి చూపింది ఆయనే. ఉద్యోగం విరమించి వెళ్ళిన తరువాత 1906లో, భూమి నడిమధ్య వేరే పదార్థంతో ఒక కేంద్రకం ఉందని అలల ఆధారంగా చెప్పింది కూడా ఆయనే. తరువాత గూటెన్‌బర్గ్ దాని పైఅంచు 2,900 కిలోమీటర్ల లోతున ఉందని లెక్క కట్టాడు. 1926లో జెఫ్రీస్ అది ద్రవమన్నాడు. అక్కడికి కథ ముగిసిందనుకున్నారు. చుట్టూ రాతి పొర, మధ్యలో కరిగిన లోహం.

కానీ ఒక చిన్న పేచీ మిగిలింది. రాతిలోంచి ద్రవంలోకి దిగేటప్పుడు పి అల, నీళ్ళగ్లాసులో చెంచా వంగి కనిపించినట్టు, లోపలివైపుకు వంగుతుంది. దాంతో భూకంపం వచ్చిన చోటినుంచి సుమారు 11,500 కిలోమీటర్లు మొదలు 16,000 కిలోమీటర్ల దాకా ఉన్న ప్రాంతమంతా నీడ పడినట్టు ఖాళీగా ఉండాలి. అక్కడి యంత్రాలకు ఈ అలలు అందకూడదు. కానీ అందుతున్నాయి! బలహీనంగా, పిలవని పేరంటానికి వచ్చినట్టు. పెద్దలు వాటిని అంతగా పట్టించుకోలేదు. కేంద్రకం అంచు చుట్టూ కాస్త వంగి వచ్చిన అలలే లెమ్మని సరిపెట్టుకున్నారు.

ఇక్కడ రంగప్రవేశం చేస్తుంది ఇంగె లేమన్. 1888లో కోపెన్‌హాగెన్‌లో పుట్టింది. లెక్కలు చదివింది. మధ్యలో ఆరోగ్యం చెడి చదువు ఆపి, బీమా లెక్కల ఆఫీసులో కొన్నేళ్ళు పనిచేసి, మళ్ళీ వెళ్ళి 1920లో డిగ్రీ తెచ్చుకుంది. అప్పటికి ముప్ఫై రెండేళ్ళు. 1928నుంచి 1953 దాకా డెన్మార్కు భూమాపన సంస్థలో భూకంప విభాగానికి అధిపతి. అధిపతి అంటే కింద పదిమంది గుమాస్తాలని ఊహించుకోకండి. చాలా కాలం ఆ దేశానికంతటికీ ఆవిడ ఒక్కతే భూకంప శాస్త్రజ్ఞురాలు. అన్నట్టు, డెన్మార్కులో చెప్పుకోదగ్గ భూకంపాలే రావు. ఊరివాళ్ళ గొడవలన్నీ గోడకు చెవి ఆనించి విన్నట్టు, ఆవిడ ప్రపంచంలోని భూకంపాలన్నీ కోపెన్‌హాగెన్‌లోనూ గ్రీన్‌లాండులోనూ పెట్టిన యంత్రాల ద్వారా వినేది. 1929లో న్యూజిలాండులో మర్చిసన్ దగ్గర వచ్చిన భూకంపం ఆవిడ దృష్టిని పట్టుకుంది. రష్యాలో స్వెర్డ్‌లోవ్‌స్క్, ఇర్కుట్స్క్ పట్టణాలు ఆ భూకంపానికి సరిగ్గా నీడలో ఉన్నాయి. నీడలో ఉండీ అక్కడి యంత్రాలు అలలను నమోదు చేశాయి. వంగి వచ్చిన అలలకు అంత బలం ఎక్కడిది?

నేను బి.ఏ. చదివిన మనిషిని. ఈ వ్యాసంలోని పట్టికలను తూచడం నా పని కాదు. రచనగా ఎలా నడిచిందో చెప్పగలను. నడక అద్భుతం. మొదట ఆవిడ భూమిని వీలైనంత సాదాగా ఊహించుకోమంటుంది. పైన ఒక పొర, అందులో అల వేగం అంతటా సెకనుకు 10 కిలోమీటర్లు. లోపల ఒక కేంద్రకం, అందులో 8 కిలోమీటర్లు. నిజమైన భూమి ఇంత సాదాగా ఉండదని ఆవిడకు తెలియకనా? ‘అనగనగా ఒక రాజు’ అని మొదలుపెట్టినప్పుడు రాజుగారి వంశవృక్షం చెప్పం కదా. ఆ సాదా భూమిలో అలలు ఎటు పోతాయో గీసి చూపుతుంది. నీడ నీడగానే ఉండిపోతుంది. అప్పుడు, ఆ ద్రవ కేంద్రకం లోపల ఇంకో చిన్న కేంద్రకాన్ని పెడుతుంది. అందులో అల కొంచెం వేగంగా పోతుందనుకుందాం అంటుంది. అంతే! కొన్ని కిరణాలు దానికి తగిలి దారి మళ్ళి, సరిగ్గా ఆ నీడలోనే పైకి తేలతాయి. కొత్త పాత్ర ఒక్కటి ప్రవేశించింది, కథలో అతకని ముక్కలన్నీ అతికాయి. అవసరం లేని పాత్ర ఒక్కటి కూడా లేదు. ఈ పొదుపు నేర్చుకోవడానికి నాలాంటివాళ్ళు పది నవలలు పాడుచేసుకోవాలి.

అలా అతికినప్పుడు నేనైతే ఏం చేసేదాన్నో తెలుసా? డప్పు కొట్టేదాన్ని. లేమన్ ఏం చేసిందో చూడండి. ఈ వివరణే సరైనదని తాను అనలేనంటుంది. ఆధారాలు బొత్తిగా చాలవంటుంది. అసలు భూకంపానికి కొద్ది ముందు చిన్న చిన్న కంపాలు కూడా వచ్చి గీతలను గజిబిజి చేశాయని తన కేసులోని లోపాన్ని తానే బయటపెడుతుంది. అయినా ఇలా అనుకోవడం సాధ్యమే, లోపలి కేంద్రకం ఉందన్న ఊహకు ఈ గీతలేవీ అడ్డు చెప్పడం లేదు, ఇంకా చెప్పాలంటే ఆ ఊహతోనే ఇవి కాబోలు తేలికగా అర్థమవుతున్నాయి — ఇదీ ఆవిడ మాటల సారాంశం. మనిషి కాలు పెట్టలేని చోట, కన్ను వెయ్యలేని చోట, అయిదువేల కిలోమీటర్ల లోతున ఒక లోకాన్ని కనిపెట్టిన మనిషి మాట్లాడిన తీరు అది.

ఆవిడ వాడిన ఇంగ్లీషు మాటకు ‘బహుశా’ అని తెలుగు చెయ్యవచ్చు. నాకు నచ్చదు. ‘బహుశా’లో కొంత దస్తావేజు వాసన ఉంది. ‘ఏమో’ అంటే చేతులెత్తేసినట్టు. ‘కాబోలు’ అన్న మాటే సరిపోతుంది. వాకిట్లో చెప్పులు చూసి “అక్కయ్య వచ్చింది కాబోలు” అంటాం. చూడలేదు. కానీ చెప్పులు చూశాం. ఊరికే అనలేదు, బల్లగుద్దీ అనలేదు. నవలాకారులం పాత్రల మనసుల్లోకి చెప్పకుండా దూరిపోయి, అక్కడ ఏముందో గుమాస్తా జాబితాలా చదివేస్తుంటాం. కథానాయిక గుండె లోతుల్లో ఏముందో ఆమెకంటే ముందు మాకే తెలిసిపోతుంది. ఈ వ్యాసం చదివాక, నాకు నచ్చిన తెలుగు కథలు రెండు మూడు మళ్ళీ తిరగేశాను. వాటిల్లో గొప్ప ఘట్టాలన్నీ చెప్పుల మీద ఆధారపడినవే.

అయితే వ్యాసానికి హారతి పట్టడమే నా ఉద్దేశం కాదు. ఒక లోటు ఉంది. మర్చిసన్‌లో ఆ రోజు పదిహేడు మంది చనిపోయారు. చాలామందిని కూలిన కొండచరియలే పొట్టనపెట్టుకున్నాయి. వాళ్ళకు అది జూన్ 17 ఉదయం పది దాటిన వేళ. గ్రీనిచ్ కాలం ప్రకారం లెక్క కట్టేవాళ్ళకు జూన్ 16. శాస్త్రంలో వాళ్ళ చావు రోజు కూడా మారిపోయింది. పరిశోధనా పత్రంలో ఏడుపులు ఉండవని నాకు తెలుసు, ఉండమనీ అనను. కానీ ఆ పత్రాన్ని మనకు చెప్పే రచయితలైనా ఒక్క వాక్యం వ్రాయవచ్చు. షిల్లాంగు లేకపోతే ఓల్డ్‌హామ్ నివేదిక లేదు, మర్చిసన్ లేకపోతే ‘పి ప్రైమ్’ ఇలా లేదు. భూమి పొట్టలో వెలిగిన ప్రతి దీపమూ ఎవరిదో ఒకరి ఇల్లు కూలితే వెలిగింది.

ఆ చెప్పే రచయితల సంగతి వచ్చింది గనక అదీ తేల్చుకుందాం. లేమన్ గురించి వ్రాసిన ప్రతివాళ్ళూ ఒక దృశ్యం వదలరు. కంప్యూటర్లు లేని కాలంలో ఆవిడ భూకంపాల వివరాలు అట్టముక్కల మీద వ్రాసుకుని, వాటిని ఓట్స్ అట్టపెట్టెల్లో సర్దుకునేది. ఆదివారం పూట తోటలో బల్ల వేసుకుని, చుట్టూ ఆ పెట్టెలు పరుచుకుని లెక్కలు కట్టేదని ఆవిడ బంధువు ఒకాయన తరువాత గుర్తుచేసుకున్నాడు. దృశ్యం ముచ్చటగానే ఉంది. కానీ వ్యాసం తరువాత వ్యాసంలో ఆ ఓట్స్ పెట్టెలు వస్తుంటే నాకు అనుమానం పుట్టింది. గూటెన్‌బర్గ్ కాగితాలు ఏ పెట్టెలో పెట్టుకునేవాడో ఎవరైనా వ్రాశారా? ఆడమనిషి భూకేంద్రం కనిపెట్టిందంటే చాలదు, పక్కన వంటింటి డబ్బా ఒకటి ఉంటే గానీ వీళ్ళకు కుదుటపడదు. అదే బంధువుతో ఆవిడ అన్న మాట ఇంకొకటుంది. ఎంతమంది చేతకాని మగవాళ్ళతో తాను పోటీపడి ఓడవలసి వచ్చిందో నీకు తెలియాలి అన్నదట. పెట్టెల కంటే ఈ మాట ఎక్కువ ఉపయోగం.

రెండో తప్పు ఇంకా పెద్దది. “లేమన్ 1936లో ఘనరూపంలో ఉన్న అంతర కేంద్రకాన్ని కనుగొన్నారు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ వ్యాసం చెప్పింది అలలు వేగంగా పోయే లోపలి కేంద్రకం గురించి. అది గట్టిపడిన ఇనుమై ఉంటుందని 1940లో ఫ్రాన్సిస్ బర్చ్ వాదించాడు. పెద్ద భూకంపాల తరువాత భూమి మొత్తం గంటలా మోగుతుంది. ఆ మోతలో అన్నిటికంటే మందమైనది ఒకసారి ఊగి రావడానికి దాదాపు 54 నిమిషాలు పడుతుంది. అటువంటి మోతలను పరిశీలించి జివోన్‌స్కీ, గిల్బర్ట్ అనే ఇద్దరు 1971లో అది ఘనమేనని గట్టి ఆధారం చూపారు. అంటే ఆవిడ ‘కాబోలు’ నిలబడడానికి ముప్ఫై అయిదేళ్ళు పట్టింది. ఆ ముప్ఫై అయిదేళ్ళను ఒక కామాలో మింగేస్తే ఆవిడ గౌరవం పెరగదు. ఆవిడ వదిలిపెట్టిన చోటును మనం దౌర్జన్యంగా నింపినట్టవుతుంది. ఈనాటి లెక్క ప్రకారం ఆ లోపలి గోళం వ్యాసార్ధం సుమారు 1,220 కిలోమీటర్లు.

ఇక ఈ మధ్య పత్రికల్లో భూమి లోపలి రంగుల బొమ్మలు వస్తున్నాయి. కోసిన దానిమ్మపండులా ఎరుపు, నీలం మచ్చలతో అందంగా ఉంటాయి. ఆస్పత్రిలో సి.టి. స్కాన్ తీసినట్టే, వేలాది భూకంపాల అలలను వేలాది యంత్రాల దగ్గర పట్టుకుని 1970ల చివరినుంచి ఈ బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. చూడగానే ఫోటో అనుకుంటాం. ఫోటో కాదు, అది ఆలస్యాల పటం. ఆఫీసునుంచి ఆరింటికి రావలసిన మనిషి ఏడింటికి వస్తే ఎక్కడ ఆగాడో మనం చెప్పలేం, ఆయన చెప్పినదే నమ్మాలి. కానీ ఊరి నాలుగు మూలలనుంచీ వచ్చేవాళ్ళలో ఫలానా చౌరస్తా దాటినవాళ్ళు మాత్రమే ఆలస్యమైతే, చౌరస్తాలో ఏదో ఉందని ఇంట్లో కూర్చునే చెప్పేయగలం. అలలు ఆలస్యమైన చోట ఎరుపు వేస్తారు, త్వరపడిన చోట నీలం. ఆఫ్రికా కింద ఒకటి, పసిఫిక్ సముద్రం కింద ఒకటి, రాతి పొర అడుగున రెండు ఖండాలంతటి ఎర్ర మచ్చలు ఉన్నాయి. అక్కడ అలలు కాస్త నెమ్మదిస్తాయన్నంత వరకు నిజం. అది వేడి వల్లనా, పదార్థమే వేరవడం వల్లనా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ ఎరుపు వెయ్యగానే మన కళ్ళకు అది మండుతున్నట్టే కనిపిస్తుంది. అదీ రంగు చేసే గారడీ. ఆ బొమ్మల కింద ‘భూమి లోపల ఇలా ఉంది’ అని వ్రాసేవారిని, ఆ చివర ఒక్క ‘కాబోలు’ చేర్చమని మనవి.

లేమన్ తొంభై తొమ్మిదో ఏట, 1987లో, తన పాత రోజుల గురించి ఇంకో చిన్న వ్యాసం వ్రాసింది. ఇదీ పొదుపే. చిన్నప్పటి బడిలో ఆడపిల్లల తెలివికీ మగపిల్లల తెలివికీ తేడా చూపేవారు కాదని, లోకమంతా అలా ఉండదని తెలిశాక కొన్ని నిరాశలు తప్పలేదని ఒక్క ముక్కలో చెప్పి పనిలోకి వెళ్ళిపోతుంది. అక్కడ ఇంకొంచెం నిలబడి ఉంటే బాగుండేదని నా బోటి కథలవాళ్ళకు అనిపిస్తుంది. నిలబడలేదు. 1993 ఫిబ్రవరిలో, 104 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

‘పి ప్రైమ్’ను కథ చెప్పినట్టు, పట్టికలు తీసేసి, మన పిల్లలకోసం ఎవరైనా తెలుగు చేస్తే చదవాలని ఉంది. గ్రౌబెన్ లాంటి ఆడపిల్లలు చదివితే మరీ మంచిది. పేరు దగ్గర మాత్రం ప్రకాశకులు చెయ్యి పెట్టకుండా ఉంటే బాగుండును. ‘భూగర్భ రహస్యాలు’, ‘పాతాళ ప్రయాణం’ అని అట్ట మీద లావణ్యంగా వేస్తారేమోనని నా భయం. నెత్తిన గీత ఉన్న ‘ప’ కావాలంటే మనకు వేరే వెతుక్కోనక్కరలేదు. ‘ప’కు తలకట్టు ఎలాగూ ఉంది.